గురువులు అడిగిన ప్రశ్న

గురువులు ఒక్కసారే గెలిచాడు. ఎనభైలో ఎమ్మెల్యే అయి, ఎనభై అయిదులో టిక్కెట్టు దొరక్క ఇంట్లో కూర్చున్నాడు. ఒరిస్సా శాసనసభలో అన్నేళ్లుండి అతను నోరు తెరిచి అడిగిన ప్రశ్న ఒక్కటే. రాయగడలో చదువుకున్నవాళ్ళు ఈ మాట నవ్వుతూ చెబుతారు. అదే సభలో గంటల తరబడి మాట్లాడి, ఊరికి ఒక్క కుళాయి కూడా తేలేనివాళ్ళు చచ్చిపోతే వాళ్ళ పేర్లు రోడ్లకు పెట్టారు. గురువులు పేరు ఏ రోడ్డుకూ లేదు. రోడ్డు ఊడ్చినవాళ్ళ పేరు రోడ్డుకు పెడితే బాగుండదనుకున్నారో ఏమో.

అతని తండ్రి బొబ్బిలి వైపు నుంచి రైలెక్కి వచ్చి రాయగడలో కాలవలు తీసే పనికి కుదిరాడు. తండ్రి పోయాక ఆ పార గురువులు చేతికి వచ్చింది. వాళ్ళుండే చోటును ఊరు పాకీవీధి అనేది. అక్కడివాళ్ళు మాత్రం కొత్తవీధి అనేవారు. మగవాళ్ళు కాలవలు తీసేవారు, చెత్తబళ్ళు లాగేవారు. ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి, సందులంట పెద్దిళ్ళ వెనక తలుపుల దగ్గరకు వెళ్ళి, పాకీదొడ్లలో ఉన్నది రేకుతో గోకి, బూడిద పరిచిన గంపకెత్తి, ఆ గంప తల మీద పెట్టుకుని ఊరి బయట పారబోసి వచ్చేవారు.

ఆ పనికి వీధిలో పేరు లేదు. చెప్పాల్సి వస్తే ‘తెల్లారి పని’ అనేవారు. ఏటి దగ్గర తల మీదుగా నీళ్ళు పోసుకుని, కోక మార్చుకుని గాని ఆడది ఇంటి గుమ్మం ఎక్కేది కాదు. ఆమె ఎక్కడికెళ్ళి వచ్చిందో మొగుడికి తెలియనట్టే ఉండాలి. పైవాళ్ళ ముందు ఆ ఊసు ఎత్తకూడదు. అది వీధి మర్యాద. మరో ఆచారం కూడా ఉండేది. పెళ్ళయిన మూడోనాడు అత్త కోడల్ని చీకటితోనే లేపి, సందులన్నీ తిప్పి, ‘ఇదిగో, ఇవి నీ గడపలు’ అని వెనక తలుపులు చూపించేది. కోడలికి అత్తవారు పెట్టే ఆస్తి అదే.

అరవై ఆరులో గురువులు కుంతిని పెళ్ళాడి తెచ్చినప్పుడు అతని తల్లి అప్పమ్మ కూడా కోడలికి అలాగే చూపించింది. వాళ్ళిద్దరూ బయల్దేరినప్పుడు గురువులు మెలకువగానే ఉన్నాడు. ఉండి, గోడవైపు తిరిగి, నిద్రపోతున్నవాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పెళ్ళయ్యాకే అతను అక్షరాలు నేర్చుకున్నాడు. భీమిలి నుంచి వచ్చి మిషను బడిలో పనిచేస్తున్న ప్రేమలీల టీచరు సాయంత్రాలు చర్చి వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పేది. కాలవ పని చేసినవాడి పక్కన కూర్చోడానికి కొందరు జరిగి జరిగి వరండా చివరకు పోతే, ఆవిడ తన కుర్చీ తీసుకొచ్చి గురువులు పక్కనే వేసుకుంది. తెలుగు ముందు వచ్చింది. ఒడియా అక్షరాలు మెల్లగా, మొండిగా వచ్చాయి. మాట్లాడే ఒడియా మాత్రం అతనికి రాలేదు. సంతలో కొండవాళ్ళతో మాట్లాడే దేశియా, ఆ మోటు యాసే అతనికి నోట్లో ఆడేది.

చదువు వచ్చాక ఊరుకోలేకపోయాడు. వానాకాలం కాలవల్లోకి దిగేవాళ్ళకు రబ్బరు బూట్లు కావాలని పనివాళ్ళను కూడగట్టాడు. చెత్తబళ్ళు మునిసిపల్ ఆఫీసు ముందు అడ్డంగా పెట్టి కూర్చున్నారు. ఊరు రెండు రోజులు కంపు కొట్టింది, మూడోరోజు బూట్లొచ్చాయి. అప్పట్నించీ వీధి తరఫున ఎవరితో మాట్లాడాలన్నా గురువులే.

ఆ పెద్దరికంలోనే ఒక పొరపాటు చేశాడు. డెబ్భై ఎనిమిదిలో జిల్లా కేంద్రం కొరాపుట్ నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంకా తల మీద గంపలు మోస్తున్నారా, తేల్చిరమ్మని పైనుంచి అడిగారట. వీధంతా మూగింది. గురువులు ముందుకొచ్చి, “నేరు బాబూ. మా ఆడోళ్ళు రోడ్లు ఊడుస్తారు,” అన్నాడు.

“ఎవరూ లేరా?” అని ఆ ఉద్యోగి అమ్మన్నమ్మను అడిగాడు. వీధిలో అందరికంటే పెద్దది ఆవిడ. గంప కుదురు ఒరిసి ఒరిసి నడినెత్తిన జుట్టు గుండ్రంగా ఊడిపోయింది. చెంగు నెత్తిమీదికి లాక్కుని, “గంపంటే ఏటి బాబూ, కూరగాయల గంపా?” అంది.

అందరూ నవ్వారు. ఆ ఉద్యోగి కూడా నవ్వి, చక్కాపోయాడు. వీధి పరువు నిలబెట్టానని గురువులు ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

రెండేళ్ళు తిరిగేసరికి ఎన్నికలొచ్చాయి. ఆ ఊరి సీటు షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేశారు. అంతవరకూ పార్టీని జేబులో పెట్టుకు తిరిగిన బియ్యంమిల్లు గోవిందరావుకు నిలబడే వీల్లేకపోయింది. తన మాట దాటని మనిషి కావాలి. నలుగురైదుగుర్ని చూసి, “గురువులైతే బాగుంటుంది. సభలో వాడికి భాషే రాదు, ఇంకేం మాట్లాడతాడు?” అన్నాడట. ఆ ఏడు ఆ పార్టీ గాలి అలా వీచింది. గురువులు గెలిచాడు. ఊరేగింపులో దండలన్నీ గోవిందరావు మెడలో పడ్డాయి. జీపు వెనకసీట్లో గురువులు చేతులు జోడించి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే కుంతి గంప తీసుకుని బయల్దేరింది. ఒకింటి వెనక తలుపు తీసిన ఇల్లాలు ఆమెను చూసి బుగ్గలు నొక్కుకుంది.

“అదేమిటే, ఎమ్మెల్యే పెళ్ళానివి, నువ్వొచ్చావేమిటి?”

“ఆ సంగతి మీ దొడ్డికి తెల్దు కదమ్మా,” అంది కుంతి.

ఆ మాట సాయంత్రానికి వీధంతా పాకింది. గురువులు నవ్వలేదు. పని మానెయ్యమని చెప్పాడు. మర్యాద దాటి అతను ఆ ఊసెత్తడం అదే మొదలు.

“మానేస్తే నా గడపలు ఇంకోర్తి తీసుకుంటాది. నీ ఉజ్జోగం అయిదేళ్ళకి. ఆ తరవాత ఏటి తింటాం, నీ పూలదండలా?” అంది కుంతి.



రాయగడ నుంచి భువనేశ్వర్ వెళ్ళాలంటే విజయనగరం వెళ్ళి రైలు మారాలి. ఒరిస్సా రాజధానికి ఆంధ్రా మీదుగా పోయే ఎమ్మెల్యేను నేనని నవ్వుకునేవాడు. సభలో వెనక బల్ల దగ్గర చోటిచ్చారు. మొదటి ఏడు చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తాడు, దించమన్నప్పుడు దించాడు. ఒకసారి పక్కవాడితో దేశియాలో మంచినీళ్ళెక్కడని అడిగితే ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూసి ముసిముసిగా నవ్వారు. ఆ తర్వాత మంచినీళ్ళు కూడా అడగలేదు. హాస్టలు గదిలో కూర్చుని సభ నిబంధనల పుస్తకం వేలుపెట్టి చదివేవాడు. సభ్యుడు ఎవరైనా ప్రశ్న అడగవచ్చని, మంత్రి లేచి నిలబడి దానికి జవాబు చెప్పితీరాలని అందులో ఉంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. తన జన్మలో తను అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పినవాళ్ళెవరూ లేరు.

ఎనభై రెండు వేసవిలో ఒక పొద్దున్నే గోవిందరావు ఇంటికి రమ్మని కబురొచ్చింది. కొల్నార వైపు రోడ్డు గురించి కొరాపుట్ వెళ్ళి కలెక్టరును కలవాలి, జీపులో కలిసి పోదామన్నారు. ముందుగదిలో గురువులుకు కుర్చీ వేశారు. గాజుగ్లాసులో కాఫీ ఇచ్చారు. ఆ గ్లాసు అతనికోసమే వేరుగా ఉంచారని అతనికి తెలుసు. గోవిందరావు రోడ్డు గురించి చెబుతున్నాడు. ఇంతలో ఇంటి వెనకనుంచి రాతిమీద రేకు గోకిన చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఆ వెనక ఒక దగ్గు.

ఆ దగ్గు గురువులుకు బాగా తెలుసు. పదహారేళ్ళుగా తన పక్కన వినిపిస్తున్నదే.

“ఆ వెనక తలుపు వెయ్యండి, ఇక్కడ ఎమ్మెల్యేగారు కాఫీ తాగుతున్నారు,” అని గోవిందరావు లోపలికి కేకేశాడు.

గురువులు గ్లాసు కింద పెట్టాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి లేచిపోయాడు. ముందు గుమ్మంలోంచి దిగి వీధి మలుపు తిరిగేసరికి, సందులోంచి కుంతి గంపతో ఎదురొచ్చింది. మర్యాద ప్రకారం అతను ముఖం తిప్పుకోవాలి. తిప్పుకోలేదు. గంప అంచునుంచి ఒక చార కుంతి చెవి వెనకగా మెడమీదికి దిగుతోంది. ఆమే తలొంచుకుని దాటిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అతను చెప్పాడు. “సబలో అడుగుతాను. ఆ గంపలు తీయించేస్తాను.”

కుంతి అతని కంచంలో పులుసు పోసింది. “గోయిందరావుకి కోపమొస్తాది.”

“రానీ.”

“అడిగితే అడుగు. నా పేరు మటుకు ఎత్తకు మావా. ఊరందరికీ తెలిసిందే గానీ, నీ నోటంట వస్తే నాను బతకలేను.”

ఎత్తనని మాటిచ్చాడు.

ప్రశ్నను ఒడియాలో రాసిపెట్టింది ప్రేమలీల టీచరే. అతను గెలిచినప్పట్నించీ ఆవిడ అతన్ని గారూ అని పిలిచేది. ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు. “గురువులుగారూ, ఎవరూ లేరని జవాబొస్తే ఏం చేస్తారు?” అని అడిగింది.

“ఎలాగంటారు టీచరమ్మా, ఉన్నారు కదా?” అన్నాడు.

ఆ వానాకాలం సమావేశాల్లో అతని ప్రశ్న వంతు వచ్చింది. రాయగడలో తల మీద గంపలతో మలం మోస్తున్న ఆడవాళ్ళెంతమంది? వాళ్ళకు ఆ పని ఎప్పుడు తప్పిస్తారు? మంత్రి లేచి నిలబడ్డాడు. గురువులు చూస్తూనే ఉన్నాడు, నిజంగానే లేచి నిలబడ్డాడు. కాగితం చూసి చదివాడు. అలాంటివాళ్ళు ఎవరూ లేరు. విచారణ జరిగింది. పనివాళ్ళ ప్రతినిధే స్వయంగా ఆ మాట చెప్పాడు. మంత్రి అక్కడ ఆగి, కళ్ళజోడు సర్దుకుని, తలెత్తాడు. ఆ ప్రతినిధి పేరు శ్రీ గురువులు. ప్రశ్న అడిగిన గౌరవ సభ్యులు ఆయనేనా?

సభ విరగబడి నవ్వింది. తన పార్టీవాళ్ళూ నవ్వారు. ఇంకేమైనా అడగాల్సింది ఉందా అని సభాపతి అడిగాడు, లేదనుకునే.

గురువులు లేచాడు. టీచరమ్మ రాసిచ్చిన కాగితంలో దీనికి మాట లేదు. తన నోట్లో ఆడే దేశియాలోనే మొదలుపెట్టాడు. మొదటి మాటకు మళ్ళీ నవ్వారు. అతను నవ్వు ఆగేదాకా నిలబడి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

“లేరని చెప్పింది నేనే. అబద్ధం చెప్పాను. సిగ్గేసి చెప్పాను. మా అమ్మ అప్పమ్మ చచ్చేదాకా మోసింది. నా భార్య కుంతి మోస్తోంది. ఈ పొద్దున్న కూడా మోసే ఉంటుంది. మా ఇంట్లో దొడ్డి లేదు, కాబట్టి ఆమె మోసేది మాది కాదు. మనందరికీ ఓట్లేయించే పెద్దమనుషులది. ఈ సిగ్గు మాది అనుకుని ఇన్నాళ్ళూ దాచాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. సిగ్గు ఎవరిది?”

ఎవరూ నవ్వలేదు. మంత్రి పక్కనున్న ఉద్యోగులతో గుసగుసలాడి, ఒక అధికారిని పంపి వీధిలో అందరి ఎదుటా విచారిస్తామన్నాడు. నిజమని తేలితే గంపలు ఆపేస్తూ ఉత్తర్వు ఇస్తామన్నాడు. అబద్ధమని తేలితే సభ్యుడు సభకు క్షమాపణ చెప్పుకోవాలి.

రైల్లో వస్తూ గురువులు క్షమాపణ గురించి అనుకోలేదు. కుంతికిచ్చిన మాట గురించే అనుకున్నాడు. అతనికంటే ముందే పేపరొచ్చింది. స్టేషను దగ్గర టీకొట్లో ఎవరో చదివి అందరికీ వినిపించారు. బడిలో కొత్తవీధి పిల్లల్ని ముక్కు మూసుకుని ఏడిపించారు. ఇంట్లో అన్నం పెట్టి ఉంది. కుంతి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

వీధి అతనితో మాట మానేసింది. కుళాయి దగ్గర అతను బిందె పెడితే పక్కకు జరిపారు. అమ్మన్నమ్మ ఒక్కతే మాట్లాడింది, అదీ గుమ్మంలో నిలబడి వీధి చివరికి వినబడేలా.

“పెళ్ళాం పేరు సంతలో పెట్టి అమ్ముకొచ్చేడు. ఆడికి ఓటేసిన సెయ్యి ఇరిసీసుకోవాల.”

గోవిందరావు తొందరపడలేదు. వీధిలో మగవాళ్ళను పిలిపించి, మీ ఆడవాళ్ళ పరువు మీరే కాపాడుకోండి, ఆ ఉద్యోగికి అప్పుడు చెప్పిన మాటే మళ్ళీ చెబితే చాలన్నాడు. చెప్పించడానికి డబ్బు ఖర్చుపెట్టాల్సిన పని కూడా లేదని అతనికి తెలుసు. వాళ్ళ సిగ్గే అతని పని చేసిపెడుతుంది.

అధికారి వచ్చేముందు రోజు గురువులు కుంతి పక్కన నేలమీద కూర్చున్నాడు. “నీకు మాటిచ్చి తప్పేను,” అన్నాడు.

“తప్పేవు.”

“రేపు అందరూ నేదంటే ఏటి సెయ్యను?”

“సమాపణ సెప్పుకో. సెప్పుకుని కాలవలోకి దిగు. పార ఇంకా మూలనే ఉన్నాది.” అతనివైపు తిరిగి మళ్ళీ అంది. “మా యమ్మకి కూడా తెల్దు మావా, నాను గంప మోస్తన్నానని. రోడ్డు పనని సెప్పేను. పేపరు సంగతి ఇని ఏడిసిందట.”

మర్నాడు కొరాపుట్ నుంచి జీపు వచ్చింది. కుళాయి దగ్గర బల్లవేసి అధికారిని కూర్చోబెట్టారు. గోవిందరావు తెల్లటి పంచెలో వచ్చి ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాడు. వీధంతా వచ్చింది. మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు. మధ్యలో గురువులు ఒంటరిగా నిలబడ్డాడు.

“ఇక్కడ తల మీద గంప మోసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అధికారి అడిగాడు.

ఎవరూ కదల్లేదు. మగవాళ్ళు నేలచూపులు చూస్తున్నారు. గోవిందరావు జేబులోంచి పొడుం డబ్బా తీశాడు.

“నానున్నాను,” అంది కుంతి. ముందుకు వచ్చి నిలబడింది. “ఇయ్యాల కూడా మోసేను. ఈ బాబు దొడ్డి కూడా ఎత్తేను.”

గోవిందరావు చెయ్యి పొడుం డబ్బామీద ఆగిపోయింది. కానీ అధికారి తల అడ్డంగా ఊపాడు. ఆమె ఎమ్మెల్యే భార్య. మొగుడి మాట నిలబెట్టడానికి పెళ్ళాం ఏమైనా చెబుతుంది, దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను, ఇంకెవరైనా ఉంటే రమ్మన్నాడు.

ఇంకెవరూ రాలేదు. అధికారి కలానికి మూత పెట్టబోయాడు. గురువులు సభలో నిలబడి ఏమని క్షమాపణ చెప్పాలో, ఆ మాటలు ఒడియాలో ఏమిటో వెతుక్కుంటున్నాడు.

“ఉండు బాబూ,” అంది అమ్మన్నమ్మ.

కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అధికారి దగ్గరకు కాదు, గురువులు దగ్గరకు. కర్ర ఎత్తి అతని ఛాతీకి గురిపెట్టింది.

“ఒరే గురువులూ. సబలో మీ యమ్మ పేరు సెప్పేవట కదా.”

“సెప్పేను పిన్నీ.”

“మీ యావిడ పేరు సెప్పేవట.”

“సెప్పేను.”

“మీ యమ్మ కంటే ముందునుంచీ మోసేన్రా నాను. గంప ఎలాగెత్తుకోవాలో దానికి సూపించింది నాను. అంత పెద్ద సబలో, మంత్రులూ మారాజులూ కూకున్నకాడ, మీ ఇంటోళ్ళ పేర్లు సెప్పుకొచ్చీసేవు. నా పేరు సెప్పడానికి నీకు నోరు రానేదేట్రా? మీ యమ్మేనా మోసింది?”

“తప్పయిపోయింది పిన్నీ,” అన్నాడు.

“అయింది మరి.” అమ్మన్నమ్మ బల్లవైపు తిరిగింది. చెంగు నెత్తిమీదనుంచి తీసి, తల వంచి, ఆ గుండ్రటి బోడి మచ్చ అధికారి ముఖానికెదురుగా పెట్టింది. “రాసుకో బాబూ. అమ్మన్నమ్మ. ముందు నాది రాయి, తరవాత ఎవలిదైనా రాసుకో. నాను ఈ గోయిందరావు తాతగారిది కూడా ఎత్తేను.”

ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే కట్ట తెగింది.

“సూర్యకాంతమ్మ, రాసుకోండి.”

“నాది చిలకమ్మ. టేసను కాడి గడపలన్నీ నావే.”

“ఉండవే, నన్ను సెప్పనీ. మా అత్త పేరు కూడా రాస్తారా బాబూ? సచ్చిపోనాది.”

పేరు వెనక పేరు వస్తూ ఉంది. అధికారి తలెత్తకుండా రాస్తున్నాడు. ఏ పేరునూ పైవాళ్ళ ముందు అంత గట్టిగా పలకడం ఆ వీధిలో గురువులు వినలేదు. తమ పెళ్ళాల పేర్లు పిలవగానే మగవాళ్ళు కూడా ఒక్కొక్కరే తలెత్తారు. గోవిందరావు ఎప్పుడు లేచిపోయాడో ఎవరూ చూడలేదు. కుర్చీ మాత్రం అక్కడే ఉంది. కుంతి అమ్మన్నమ్మను దాంట్లో కూర్చోబెట్టింది.

ఉత్తర్వు రావడానికి నెలలు పట్టింది. ఎవరూ ఎత్తే పనిలేని గుంటల దొడ్లు కట్టడానికి ఇంకో రెండేళ్ళు. వీధి మాత్రం ఉత్తర్వుకోసం ఆగలేదు. విచారణ జరిగిన మర్నాడు తెల్లవారి ఎవరూ పనికి లేవలేదు. ఆ ఊరు పుట్టినప్పట్నించీ ఏ వెనక తలుపూ అలా ఎదురుచూసి ఉండదు. ఎండెక్కేకొద్దీ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, పెద్దమనుషులు ముక్కుకు పైగుడ్డ అడ్డం పెట్టుకుని సందుల్లోకి తొంగిచూశారు. కొందరు చెంబు పట్టుకుని ఏటిగట్టుకు బయల్దేరారు. పార్టీ మీటింగుల్లో ముందు కుర్చీల్లో కూర్చునేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు.

పది గంటలకు కొందరు కలిసి కొత్తవీధికి వచ్చారు. అంతకుముందు వాళ్ళెవరూ ఆ వీధిలో అడుగుపెట్టలేదు. ఏ ఇల్లు ఎమ్మెల్యేదో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. గురువులు గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కుంతి పక్కనే తల దువ్వుకుంటోంది. పొద్దున్నే ఆ వేళకు ఆమె ఇంట్లో ఉండటం అతనికి ఇంకా కొత్తగానే ఉంది.

“గురువులుగారూ, మేం మీ ఓటర్లం. మా ఇళ్ళకు పొద్దున్నించీ ఎవరూ రాలేదు. ఇలా అయితే ఊరు ఎలా బతుకుతుంది? మీరే ఏదో ఒకటి చెయ్యాలి,” అన్నాడు ముందున్న ఆయన.

గురువులు ముఖం తుడుచుకున్నాడు. లేచి, వాళ్ళకోసం లోపల్నించి చాప తెచ్చి పరిచాడు. ఎవరూ కూర్చోలేదు.

“మీ కష్టం నాకు అర్థమయింది బాబూ,” అన్నాడు. “ఒక అర్జీ రాసి సంతకాలు పెట్టివ్వండి. సబలో అడుగుతాను. మంత్రిగారు లేసి నిలబడి జవాబు సెప్తారు.”